నాలుగో కుర్చీ

తెల్ల దుప్పటి కప్పి ఓడెల్ ప్రేథర్‌ను తుపాకి శిక్షణ గదిలోంచి బయటికి తీసుకెళ్తుంటే సార్జంట్ నేడిన్ క్రాబ్‌ట్రీ పక్కకు జరిగి దారి ఇచ్చింది. పాతికేళ్ళ కిందట తన వేళ్ళు ఒక్కొక్కటే సర్ది తుపాకి పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. ఏడుపు వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. రాలేదు. లోపల ఎవరో తలుపులన్నీ మూసి తాళం వేసుకుని వెళ్ళిపోయినట్టుంది. గడియారం చూసింది. పదకొండూ పది.

"నిదానంగా వచ్చావు. పెళ్ళి అయిపోయింది, పందిరి తీసేస్తున్నాం," అన్నాడు గార్లండ్ నెఫ్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

అతనూ సార్జంటే. ప్రూయెట్ కౌంటీలో షెరీఫ్ తర్వాతి స్థానం ఖాళీ అయి నెల దాటింది. ఆ స్థానానికి అర్జీ పెట్టింది వీళ్ళిద్దరే.

"ఏం జరిగింది?" అంది నేడిన్.

"ప్రమాదం. రాసేశాను కూడా." నెఫ్ చేతిలో పుస్తకం తెరిచాడు. "నలుగురు ఆడవాళ్ళు, నాలుగు కుర్చీలు, నాలుగు చిన్న రివాల్వర్లు. అన్నీ ఒకే రకం. లోపల డమ్మీ తూటాలు. ట్రిగ్గర్ నొక్కడం నేర్పుతున్నాడు. పదీ ఇరవైకి మూడో కుర్చీలో మార్లీన్ యోస్ట్ నొక్కింది. డమ్మీల్లో ఒక అసలుది కలిసిపోయింది. పేలేసరికి బెదిరి కుడివైపు తిరిగింది. తూటా ముసలాయన కుడి డొక్కలోంచి పోయింది. పదీ ముప్పై ఒకటికి నేనొచ్చాను. అప్పటికే ప్రాణం లేదు."

"పేలాక తిరిగిందా? తిరిగాక పేలిందా?"

"ఏదైతేనేం?"

"పేలాక తిరిగితే తూటా గోడలో ఉంటుంది గార్లండ్. ఆయన డొక్కలో కాదు."

నెఫ్ పుస్తకం మూశాడు. "మాటలు పట్టుకుని వేలాడకు. నాలుగో కుర్చీలో కూర్చున్నామె కళ్ళారా చూసింది. మిగతా ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు, డెయిరీలో పనిచేస్తారు. వాళ్ళు అరుస్తూ బల్ల కింద దూరారు, ఏమీ చూళ్ళేదు."

"ఓడెల్ తరగతి గదిలోకి అసలు తూటా గుమ్మం దాటి రాదు. డమ్మీలు ఎర్ర ప్లాస్టిక్‌వి. అసలుది ఇత్తడి. ఆ తేడా తెలీనంత గుడ్డివాడా ఆయన?"

"అరవై ఎనిమిదేళ్ళు. నీకు గురువు కాబట్టి కళ్ళద్దాలు అక్కర్లేదనుకుంటున్నావు." పక్కకు తప్పుకున్నాడు. "వెళ్ళు, చూసుకో. నాకు మాత్రం పన్నెండున్నరకి షెరీఫ్ బల్ల మీద కాగితం ఉండాలి."

మార్లీన్ యోస్ట్ కాఫీ గదిలో ఉంది. ఆమె పక్కన టోపీ పెట్టుకున్న ఒకామె వంగి కాఫీ కప్పు అందిస్తోంది. నేడిన్ లోపలికి రాగానే ఆమె తల వంచుకుని, "నేను బయట కార్లో ఉంటా మార్లీన్," అని తప్పుకుపోయింది.

మార్లీన్ యాభై తొమ్మిదేళ్ళ మనిషి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగాయి. ఆమె నేడిన్‌కి కొత్త కాదు. కూతురు ట్వైలా ఓడెల్ దగ్గరే నేర్చుకుంది. ఆయన ప్రతి శనివారం పైసా తీసుకోకుండా ఆడవాళ్ళకి నేర్పేవాడు. ఇంట్లో మనిషికి భయపడే ఆడవాళ్ళకి. రెండేళ్ళ కిందట ట్వైలా మొగుడు డెల్బర్ట్ గొడ్డలితో తలుపు బద్దలుకొట్టుకుని లోపలికి వచ్చిన రోజున, ట్వైలా నేర్చుకున్నదంతా నేర్చుకున్నట్టే చేసింది. హత్య కేసు విచారణలో ఓడెల్ ఆమె తరఫున సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ ఆమెను వదిలేసింది. డెల్బర్ట్ వైపువాళ్ళు మాత్రం వదల్లేదు. అందుకే ట్వైలా ఇప్పుడు ఎక్కడుంటుందో ఈ కౌంటీలో ఇద్దరికే తెలుసు. ఒకరు తల్లి. రెండోది నేడిన్.

"మార్లీన్ గారూ," నేడిన్ ఎదురుగా కూర్చుంది. "మీరెందుకు చేరారు ఈ తరగతిలో?"

"ఫోన్లు వస్తున్నాయమ్మా. రెండు నెలలుగా. ఎత్తితే మాట్లాడరు. ఊపిరి వినపడుద్ది." ఆమె గొంతులో ఎత్తుపల్లాలు లేవు. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టుంది. "ఓడెల్ గారితో చెప్తే, ఊరికే కూచుని భయపడేకంటే వచ్చి నేర్చుకో అన్నాడు. ఇది మూడో వారం. నేను ఆయన్ని చంపేశాను."

"ఏం చేస్తున్నారు అప్పుడు?"

"గొట్టం మీద పది సెంట్ల బిళ్ళ పెడతాడమ్మా ఆయన. బిళ్ళ పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. చిన్న తుపాకి కదా, ట్రిగ్గర్ బండలా ఉంటది. నా చేతులతో ఎక్కడ? ప్రతిసారీ పడిపోయేది. ఇవాళ సైకిల్ ట్యూబ్ ముక్క తెచ్చి నా తుపాకి పిడికి చుట్టాడు. పట్టు దొరుకుద్ది అన్నాడు. చెవులకి మూతలు పెట్టుకోమన్నాడు, గోడవతల అసలువి పేలుస్తుంటారు కదా. కళ్ళు బిళ్ళ మీద పెట్టమన్నాడు. నా వెనకాల నిలబడి కుడి భుజం మీద చెయ్యి వేశాడు. నొక్కండీ అన్నాడు. నలుగురం నొక్కాం."

"తర్వాత?"

"చప్పుడు."

"బిళ్ళ?"

మార్లీన్ మొదటిసారి తలెత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "పడలేదు. చూస్తూనే ఉన్నా. పడలేదని చెప్దామనుకున్నా ఆయనకి. మూడు వారాల్లో మొదటిసారి. ఇంతలో భుజం మీద చెయ్యి బరువెక్కింది. తర్వాత జారిపోయింది."

 అరచేతంత రివాల్వర్ పేలితే చేతిని గాడిద తన్నినట్టు తంతుంది. గొట్టం ఆకాశానికి లేస్తుంది. దాని మీద పెట్టిన బిళ్ళ గది చివరికి ఎగిరిపడాలి.

"చెయ్యి నొప్పెట్టిందా?"

"ఎప్పుడూ నొప్పేనమ్మా."

"కొత్తగా?"

మార్లీన్ చేతుల్ని వేరే ఎవరివో అన్నట్టు తిప్పి చూసుకుంది. "లేదు."

"మరి మీరే పేల్చారని ఎలా తెలుసు?"

"కొలీన్ చెప్పింది. నా పక్కన కూచునే అమ్మాయి, ఇప్పుడు వెళ్ళింది చూడు. తూటాల చక్రం తెరిచి చూపించింది. ఇదిగో నీదే పేలింది మార్లీన్, అని. చాలా మంచిది. నెత్తురైతే నన్ను తీసుకెళ్ళి చేతులు కడిగింది. సబ్బేసి. తనవీ కడుక్కుంది."

మామూలు రోజైతే నేడిన్ అక్కడే లేచి, కార్ల దగ్గరికి పరుగెత్తి, ఆ టోపీ ఆమెను పట్టుకుని ఉండేది. కానీ ఆ ఉదయం ఆమెకు దేని మీదా తొందర పుట్టలేదు. ముందు తుపాకి చూడాలి, తర్వాత గది, ఆ తర్వాత మనిషి. శిక్షణలో చెప్పిన వరస అది. మొద్దుబారిన మనసుకు ఆ వరసే ఊతకర్ర అయింది. మార్లీన్‌తో, "ఇక్కడే ఉండండి. ఎవరు పిలిచినా కదలొద్దు," అని చెప్పి లేచింది.

నెఫ్ మనుషులు మూడో కుర్చీ ముందు దొరికిన రివాల్వర్‌ను సంచీలో వేసి సీలు చేశారు. నేడిన్ ఆ సంచీని వెలుతురుకు ఎత్తి చూసింది. చక్రంలో ఐదు గదులు. నాలుగు ఎర్రవి, ఒకటి పేలిన ఇత్తడిది. పిడి మీద ఏమీ లేదు. రబ్బరు లేదు, రబ్బరు చుట్టిన గుర్తూ లేదు.

తరగతి గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, ఎదురుగా ఇసుక మూటలు పేర్చిన గోడ. నెత్తుటి మడుగు మూడో కుర్చీకి వెనక, కుడివైపుగా ఉంది. నేడిన్ మూడో కుర్చీలో కూర్చుని, చేతులు ముందుకు చాపి, కుడి భుజం మీదుగా వెనక్కి తిరగడానికి ప్రయత్నించింది. భుజం మీద ఇంకొకరి చెయ్యి ఉండగా, వాతం చేతులతో, ఒక్క అర క్షణంలో? ఆమె వల్ల కాలేదు. లేచి నాలుగో కుర్చీలో కూర్చుంది. అక్కడినుంచి ఎడమవైపు కాస్త తిరిగితే చాలు, ఓడెల్ డొక్క చేతికందే దూరం. అందరి కళ్ళూ ఎవరి బిళ్ళ మీద వాళ్ళవి. అందరి చెవులకీ మూతలు.

"బర్ల్!" అని కేకేసింది.

షూటింగ్ రేంజ్ చూసుకునే ముసలాయన బర్ల్ సాటర్‌ఫీల్డ్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆయన ఏడవగలిగినందుకు నేడిన్‌కి కొంచెం అసూయ వేసింది.

"మిగతా మూడు తుపాకులూ ఏవి?"

"బీరువాలో పెట్టానమ్మాయ్. ఆ నెఫ్ అబ్బాయిని అడిగితే అవి అక్కర్లేదన్నాడు. తుపాకుల్ని బల్లమీద వదిలేస్తే ఓడెల్ చంపేస్తాడు నన్ను." ఆ మాట అనేశాక ఆయన తాళంచెవుల కోసం జేబు తడుముకున్నాడు.

బీరువా తాళం తీశాడు. నేడిన్ చేతులకు తొడుగులు వేసుకుని మూడింటినీ వరసగా పేర్చింది. రెండోదాని పిడికి సైకిల్ ట్యూబ్ రబ్బరు చుట్టి ఉంది. ఒక చివర ముడి సగం విప్పి ఉంది. ఎవరో గబగబా ఊడదీయబోయి, టైము చాలక వదిలేసినట్టు. చక్రం తెరిచింది. ఐదూ ఎర్రవే.

"ఇది ఏ కుర్చీ ముందుంది?"

"నాలుగో కుర్చీ. నేనే తీశా."

"ఓడెల్ రాసిన కాగితం తే. ఎవరికి ఏ నంబరు తుపాకి ఇచ్చాడో రాస్తాడుగా."

గీతలు గీసిన ఆ కాగితంలో ఓడెల్ అక్షరాలు కుదురుగా ఉన్నాయి. రబ్బరు చుట్టిన తుపాకి నంబరుకు ఎదురుగా మార్లీన్ యోస్ట్. సంచీలో సీలు చేసిన తుపాకి నంబరుకు ఎదురుగా కొలీన్ హార్డెస్టీ. నాలుగో కుర్చీ.

తన తూటా తనే జేబులో తెచ్చుకుంది. నొక్కండీ అన్నప్పుడు నొక్కింది. అందరూ అరుస్తుంటే తుపాకులు మార్చింది. పేలుడు మందు అంటిన తన చేతులూ, అంటని మార్లీన్ చేతులూ కడిగేసింది.

"ఈ కొలీన్ ఎవరు బర్ల్? గుర్తింపు కార్డు చూశారా?"

"ఇంట్లో మర్చిపోయానంది. నేను కుదరదన్నా. ఓడెల్ ఊరుకోమన్నాడు. భయపడి పారిపోయొచ్చినోళ్ళ దగ్గర కార్డులుంటాయేంట్రా అన్నాడు." బర్ల్ ముక్కు తుడుచుకున్నాడు. "మొదటి రోజే ఓ మాటడిగింది ఆ పిల్ల. మీ దగ్గర నేర్చుకున్నోళ్ళలో నిజంగా వాడినోళ్ళున్నారా అని. ఒక్కర్తుంది అన్నాడు ఓడెల్. ఇప్పుడెక్కడుంది అనడిగింది. ఆయన నవ్వి, అది వాళ్ళమ్మకే తెలుసన్నాడు."

నేడిన్ కాఫీ గదిలోకి వెళ్ళింది. మార్లీన్ కుర్చీ ఖాళీగా ఉంది. కప్పులో కాఫీ అలాగే ఉంది. బయటికి వచ్చేసరికి నెఫ్ తన కారు మీద కాగితాలు పరిచి సంతకాలు పెడుతున్నాడు.

"మార్లీన్ ఏది?"

"పంపించేశాను. ప్రమాదానికి ఎవర్ని కట్టేసి కూచోబెడతాం? ఆ కొలీన్ దింపుతానంది."

"ఎప్పుడు?"

"పదకొండూ ముప్పై అయిదు."

"నేను కదలొద్దన్నాను."

"నువ్వు నాకు పై అధికారివి ఇంకా కాలేదు నేడిన్."

నేడిన్ రబ్బరు చుట్టిన రివాల్వర్‌ను, ఓడెల్ కాగితాన్ని అతని సంతకాల మీద పెట్టింది. రెండే ముక్కల్లో చెప్పింది. నెఫ్ మొహంలో ముందు వెటకారం పోయింది. తర్వాత రంగు పోయింది.

"ఆమెని నువ్వు దగ్గర్నుంచి చూశావు. మాట్లాడావు," అంది నేడిన్. "ట్వైలా విచారణ రోజుల్లో నేనూ, మార్లీన్, ఓడెల్ సాక్షులం. మమ్మల్ని కోర్టు బయటే కూచోబెట్టారు. లోపల కాపలా ఉంది నువ్వు. ఆలోచించు."

"ఎక్కడో చూసినట్టుందనే అనుకున్నా." నెఫ్ చేతిలో పెన్ను కింద పెట్టాడు. "అప్పుడు జుట్టు పచ్చగా ఉండేది. వెనక వరసలో రోజూ వచ్చి కూచునేది. తీర్పు చెప్పాక అందరూ లేచిపోయినా ఆమె లేవలేదు. నేనే వెళ్ళి బయటికి పంపాను. డెల్బర్ట్ చెల్లెలు. రెటా. వేరే ఊళ్ళో పెరిగింది, అన్న పెళ్ళికి కూడా రాలేదట, మార్లీన్ ఎరగదు." ఆగాడు. "మార్లీన్ వెళ్తూ నాతో ఓ మాటంది. ఇంటికి కాదు, నాకు నా కూతురు కావాలి, అక్కడికి తీసుకెళ్తుందట కొలీన్ అని. నేను మంచిదే అన్నాను."

ఓడెల్‌ను చంపడం సగం పనే. మిగతా సగం ఆ తల్లిని విరగ్గొట్టడం. విరిగిన మనిషి ఎటు పరుగెత్తుతుందో తెలిసినవాళ్ళకు దారి అడగాల్సిన పని ఉండదు.

"బండి తియ్యి," అంది నేడిన్. "ట్వైలా ఉండేది కాల్డర్ రిడ్జ్‌లో. మిల్లు దాటాక ఎడమకి."

అక్కడికి పాతిక నిమిషాల దారి. టైము పన్నెండు. నెఫ్ సైరన్ వేసి రోడ్డెక్కాడు. ట్వైలా నంబరు తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. నేడిన్ మార్లీన్‌కి ఫోన్ చేసింది. ఐదుసార్లు మోగాక ఎత్తింది.

"మార్లీన్ గారూ, నేను నేడిన్ని. మీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా. ఇప్పుడే వచ్చాం. కొలీన్ దిగింది." అదే రాసిచ్చిన గొంతు. "ట్వైలా వాకిట్లోకి వచ్చింది. చెయ్యూపుతోంది."

"కొలీన్ ఏం చేస్తోంది?"

"డిక్కీలోంచి నా సంచీ తీస్తానంది. నేను సంచీ తేలేదు కదా అన్నా. వినిపించుకోలేదు."

"మార్లీన్ గారూ, నా మాట వినండి. మీరు ఓడెల్‌ని చంపలేదు. మీ తుపాకి పేలలేదు, అందుకే బిళ్ళ పడలేదు. చంపింది ఆమె. ఆమె డెల్బర్ట్ చెల్లెలు."

నేడిన్ ఫోన్‌ను నోటికి ఇంకా దగ్గరగా పట్టుకుంది.

"హారన్ మీద చేతులు పెట్టండి. పక్కకి వంగి, రెండు చేతులతో నొక్కండి. ట్వైలాని లోపలికి పొమ్మని అరవండి. ఇప్పుడే!"

 ఫోన్ ఎక్కడో కింద పడిన చప్పుడు. ఆ తర్వాత హారన్ మోగింది. ఆగకుండా, చెవి పగిలేలా. దాని మీదుగా మార్లీన్ గొంతు లేచింది. ఇందాకటి గొంతు కాదు అది. దూడను నక్కలు పట్టిన ఆవు గొంతు. "ట్వైలా! లోపలికి పో! లోపలికి పోవే!"

ఒక దెబ్బ పేలింది. చెక్క విరిగిన శబ్దం. మళ్ళీ ఒకటి. తర్వాత ఇంకొకటి, వేరే చోటునుంచి. ఆ చివరిదాంతో హారన్ కూడా ఆగిపోయింది.

"ఇంకెంత?" అంది నేడిన్.

"తొమ్మిది మైళ్ళు," అన్నాడు నెఫ్. 

ఫోన్‌లో కంకర మీద అడుగుల చప్పుడు. కారు తలుపు తెరుచుకుంది. ఎవరో ఫోన్ తీసుకున్నారు.

"ఎవరు?" ఆడగొంతు. వయసులో ఉన్న గొంతు.

"నేడిన్ క్రాబ్‌ట్రీ. నువ్వు ట్వైలావా? అమ్మ ఎలా ఉంది?"

"అమ్మ బాగానే ఉంది. సీట్లో కిందికి వంగిపోయింది. వణుకుతోంది." ఊపిరి పీల్చుకుంది. "నేను మళ్ళీ పేల్చాను నేడిన్ గారూ. తలుపు వెనకనుంచి. తొడలో తగిలింది. ఆమె తుపాకి దూరంగా పడింది. ఆమె కంకరలో పడుంది, నా కాళ్ళ దగ్గర."

"బతికుందా?"

"ఉంది. నన్నే చూస్తోంది. ఓడెల్‌ని చంపానని చెప్తోంది. నవ్వుతోంది." ట్వైలా గొంతులో కోపం లేదు, భయం లేదు. రెండేళ్ళ కిందటే రెండూ అయిపోయినట్టుంది. "నా దాంట్లో ఇంకా నాలుగున్నాయి. ఇక్కడెవరూ లేరు. ఏం చెయ్యమంటారు?"

నెఫ్ నేడిన్ వైపు చూశాడు. నేడిన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. పొద్దుటినుంచి రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. దాంతోపాటు ఆమె ఎన్నడూ ఎరగని ఒక కోరిక కూడా లేచింది. ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. పాతికేళ్ళుగా తెలుసు. అయినా ఆ మాట పెదవి దాటేలోపు రోడ్డు పక్కన ఒక మైలు పలక వెనక్కి పోయింది, దాని వెనకే ఇంకొకటి కూడా పోయింది.

"వేలు తియ్యి ట్వైలా," అంది చివరికి. "ముందు ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యి."